బూజు గదిలో నా మొదటి కొలువు

మొన్న మా అమ్మాయి బట్టలుతికే పొడి ప్యాకెట్టు తెచ్చి, దాని మీద ఎంజైములని రాసి ఉంది, అవేమిటమ్మా అని అడిగితే, మరకల్ని కరిగించేవని మాత్రం చెప్పాను. ఒకప్పుడు వాటిని నా చేతులతో తయారు చేశానంటే ఆ పిల్ల నమ్ముతుందా?

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లవి. మైక్రోబయాలజీ చదివిన ఆడపిల్లకు ఖమ్మంలో రక్తపరీక్షల ల్యాబు తప్ప మరో దారి కనిపించని ఆ రోజుల్లో, ములకలపల్లి దాటాక అడవి అంచున పెట్టిన ఎంజైముల ఫ్యాక్టరీలో కెమిస్టుగా రమ్మని కబురొస్తే, ఆ ఆదివారం మా అమ్మ చర్చిలో నిలబడి, దేవుడు మేలు చేశాడని సాక్ష్యం కూడా చెప్పింది. చేరిన రోజే యజమాని నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. మూడేళ్లు కదలనని బాండు మీద సంతకం చేశాను. మన ఈడు వాళ్లకు ఇది వింతేమీ కాదు, మీలోనూ చాలామంది చేసే ఉంటారు.

గోధుమ పొట్టును ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, మేం పెంచిన బూజును నీళ్లలో కలిపి దాని మీద చిలకరించి, ట్రేలలో పలుచగా పరిచి వెచ్చని తడి గదిలో పెట్టేవాళ్లం. మర్నాటికల్లా తెల్లటి నూగు పట్టేది. నిజం చెప్పొద్దూ, చూస్తే ముచ్చటేసేది. అది నల్లబడకముందే గీకి, నీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ గోధుమరంగు నీటిని నీళ్లను మాత్రమే దాటనిచ్చే సన్నటి పొరలతో చిక్కబరిచి, చల్లటి స్పిరిటు పోస్తే ఎంజైము మడ్డిలా అడుగుకు దిగేది. ఆరబెట్టిన ఆ పొడి మిల్లులకు వెళ్లి, నేసిన గుడ్డకు పట్టిన గంజిని కరిగించేది.

బయటిగాలి సోకితే వేరే బూజు చేరుతుందని ఆ గది తలుపులు ఎప్పుడూ మూసే ఉంచేవాళ్లు. ఆర్డర్లు పెరిగాక గీకే పని వెనకబడి, బూజు ముదిరి ట్రేలు నల్లబడేవి. అప్పుడు గీకితే నల్లటి పొడి పొగలా లేచేది. ముక్కుకు కొంగే అడ్డం. నాతోపాటు గీకే అక్క ఒకామె ఉండేది, పక్క కోయగూడెం మనిషి. ముందు ఆమెకు దగ్గు పట్టింది, తర్వాత నాకు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడదు. మానేస్తానంటే బాండు తీరేదాకా కాగితాలు రావన్నాడు యజమాని. చుట్టూ అడవి, మధ్యలో ఆ గేటు. ఆ కాగితాలు లేకపోతే నా చదువే లేదనుకుని మళ్లీ ఆ గదిలోకే వెళ్లేదాన్ని.

దుమ్ముగూడెం వైపు దవాఖానాలో నర్సుగా చేసే మా పెద్దమ్మ ఓసారి నన్ను చూడవచ్చి, నా వీపుకు చెవి ఆనించి విని, నేరుగా యజమాని గదిలోకి నడిచింది.

“పిల్ల రొమ్ముల పిల్లికూతలు ఇనవడ్తున్నయ్ సారూ. ఇంటికి తోల్కవోతున్న.”

“మరి బాండు సంగతేందమ్మా?”

“నీ కాగితాలు నువ్వే ఉంచుకో. మా పిల్లను నాకియ్యి.”

నా చదువంతా ఆమె ఒక్క మాటతో వదిలేసిందని, తాళం వేసిన ఆ బీరువా వైపు తిరిగి చూశాను. అయినా కాళ్లు ఆమె వెనకే నడిచాయి. గేటు దాకా వచ్చిన అక్క నా చేయి పట్టుకుని, “పో బిడ్డా, జల్దీ పో. నాకు ఈడ గాక ఏడ పనున్నది?” అంది, దగ్గుతూనే.

సర్టిఫికెట్లు రానేలేదు. యూనివర్సిటీ చుట్టూ తిరిగి నకళ్లు తెచ్చుకునేసరికి ఏళ్లు గడిచాయి. అప్పటికే వేంసూరులో ఓ చిన్న బడిలో సైన్సు చెబుతూ స్థిరపడిపోయాను. ఆయాసం మాత్రం చలికాలంలో ఇప్పటికీ పలకరిస్తుంది. ఆ తర్వాతెప్పుడో అటు వెళ్తే ఫ్యాక్టరీ ఉన్నచోట పామాయిల్ తోట ఉంది. అక్క గురించి అడిగితే గూడెంలో కొత్తతరం వాళ్లెవరికీ తెలియలేదు.

ఇప్పుడా పనంతా చాలాచోట్ల మూసిన ఉక్కు ట్యాంకుల్లోనే జరుగుతుందట, బూజు మనిషి ముక్కు దాకా రాదట. వింటే సంతోషంగానే ఉంటుంది. కానీ మా పిల్లను నాకియ్యి అని అడగడానికి నాకొక పెద్దమ్మ ఉంది. అక్క కోసం ఆ గేటు దగ్గరికి ఎవరైనా వచ్చారా అన్నది మాత్రం నాకు ఎప్పటికీ తెలియదు.