తెరుచుకోని గడి

మొన్న మా అక్కకి పింఛను దరఖాస్తు పెడదామని చోడవరంలో మా ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆధార్ కార్డు నంబరు కొట్టగానే పేరూ, ఊరూ, పుట్టిన తేదీ వాటంతటవే వచ్చి పడ్డాయి. మన కాలంలో బళ్ళో చేర్చుకున్న మేష్టార్లు అడక్కుండానే అందరికీ జూలై ఒకటి రాసిపడేసేవారు కదా, ఆలస్యంగా చేరిన మా పొట్టి అక్కకైతే వయసు కూడా కంటితో చూసి నాలుగేళ్ళు తగ్గించేశారు, కార్డులోకీ అదే ఎక్కింది. మోకాళ్ళరిగి కుట్టుమిషను తొక్కలేని మనిషి ఇంకో నాలుగేళ్ళు ఆగాలట! సరిచేద్దామంటే ఆ గడి బూడిదరంగులో బిగుసుకుపోయి, ఎంత నొక్కినా కర్సరు పడదు. ఒళ్ళు మండిపోయింది.

ఎవరిని తిట్టను? ఇలాంటి తాళాలు వేసిన చెయ్యే నాది. డిగ్రీ అవగానే చెరుకు రైతుల వివరాలు ఎక్కించే ఓ చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాసే పనిలో చేరాను. గుమస్తాలు కబుర్లలో పడి ఒకరి వివరాల మీద ఇంకొకరివి కొట్టేస్తుంటే విసిగిపోయి, ఒకసారి సేవ్ నొక్కాక గడులన్నీ చూడ్డానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా నాలుగు వరసల స్క్రిప్టు రాశాను. ఆఫీసరు మురిసిపోయారు, నేను పొంగిపోయాను.

ఆ వారమే దేవరాపల్లి నుంచి నాకు వరసకి మావయ్య అయ్యే రైతొకాయన వచ్చారు. ఆయన తోట నాటిన నెల తప్పుగా ఎక్కి, ఫ్యాక్టరీ ఇచ్చే నరుకుడు వంతు రెండు నెలలు వెనక్కి పోయింది. "నీ సేతిలో పనే కదే గుంటా, ఆ గడి కాస్త తెరిసీ" అంటూ మూడు రోజులు నా బల్ల దగ్గర నిలబడ్డారు. నిజంగా నా చేతిలో పనే. ఆ తాళం తెర మీదే గాని లోపల లేదు, రీడ్‌ఓన్లీ అన్న ఒక్క మాట తీసేస్తే చాలు. ఆఫీసరు ఏమంటారోనన్న భయం కొంత, నా స్క్రిప్టు పరువు పోతుందన్న పొగరు ఇంకొంత, కంప్యూటరు ఒప్పుకోదు మావయ్యా అనేశాను. ఆయన చెరుకు తోటలోనే ఎండిపోయింది.

మొన్న ఆ పాత విద్యే గుర్తొచ్చి, పేజీ వెనకాల కోడు తెరిచి ఆ మాట చెరిపేశాను. గడి తెల్లబడింది. అసలు సంవత్సరం కొట్టి పంపితే, పాత తేదీయే తిరిగొచ్చి కూర్చుంది. ఇప్పటి పిల్లలు తెలివైనవాళ్ళు, తాళం ఎక్కడో సర్వర్లో వేస్తున్నారు.

"నువ్వేసిన తాళాలే కదే, నువ్వు తియ్యలేవేటి?" అంది అక్క.

తియ్యగలిగిన రోజుల్లో తియ్యలేదని ఆవిడకెలా చెప్పను? మావయ్యకి వచ్చి నిలబడ్డానికి నా బల్లైనా ఉండేది. మా అక్కని ఎవరి బల్ల దగ్గరికి తీసుకెళ్ళాలో నాకే తెలియడం లేదు.