కుప్ప కోసం వచ్చిన మేడం

ఏ రాయి చేతికొచ్చినా ఆమె వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చెవి దగ్గర పెట్టుకునేది. మార్కాపురం పలకల పనివాళ్లమంతా అంతే. కాకపోతే మోగని రాయిలో పగులుందని మేం పారేస్తాం, ఆమె సంచిలో వేసుకునేది. వ్యర్థపు రాతిముక్కలతో టైల్స్ చేయించే ఇంజనీరామె. సొంతూరు గిద్దలూరు.

ఆమె మొదటిసారి వస్తుందనగానే, తనిఖీ అనుకున్నాను. కార్ఖానా మేస్త్రీగా నాకు తెలిసిన మర్యాద ఒకటే, ముందురోజే ఊడ్చిపెట్టడం. షెడ్డు వెనక ఏళ్లుగా పేరుకున్న ముక్కలన్నీ ట్రాక్టర్లతో వాగులో పోయించాను.

ఆమె వచ్చీరాగానే షెడ్డు వెనక్కి నడిచింది.

"కుప్ప ఏదన్నా?"

"నీటుగా తీయించినాను మేడం," అన్నాను గర్వంగా.

"నేనొచ్చిందే దానికోసం గదన్నా! ఈ వారంలో సరుకు చూపకపోతే టైల్స్ చేసే మిషను వేరే ఊరికి పోతాది."

ఆమె తిట్టలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వాగులోకి దిగింది. ఒక ముక్క తీసి, తట్టి, నా చేతిలో పెట్టింది.

"మోగకపోయినా పనికొస్తాది. రా, ఎత్తుదాం."

మూడు రోజులు ఎత్తాం. ఆఖరి తట్ట దాకా ఆమె మాతోనే ఉంది. మిషను మా ఊళ్లోనే నిలిచింది.

ఇప్పుడు మా ఆఫీసు గదిలో పరిచినవి ఆ ముక్కలతో చేసిన టైల్సే. వచ్చినవాళ్లు ముచ్చటపడి, ఎక్కడ కొన్నారని అడుగుతారు.

"కొనలేదు. పారేసి తెచ్చుకున్నాం," అంటాను.