సిరిసిల్ల అక్క సేవ్ కొట్టేదాక

జగిత్యాలల బట్టల దుకాణం మీది అంతస్తుల నాకొక గది, ఒక కంప్యూటర్, రెండు కుర్చీలు. రెండో కుర్చీల నా బ్యాగు కూసుంటది. కోరుట్ల దుకాణం బిల్లులు, సిరిసిల్ల గోదాం చీరల స్టాకు అన్నీ ఒకే డేటాబేస్‌ల నడుస్తయి. దాన్ని చూసుకునేది నేను. మంచిగ నడిచినన్ని రోజులు నేనున్నట్టు ఎవరికీ యాదికి రాదు.

ఆగినప్పుడు మాత్రం నేను కలెక్టర్‌ను.

ఆగేది ఎక్కువ సిరిసిల్ల గోదాంల కూసుండే అక్క వల్లనే. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆసాములు నేసిన చీరలు తెచ్చి దించుతుంటే అక్క కంప్యూటర్ల ఎక్కిస్తది. ఆఖరి ఆసామి వచ్చేదాక సేవ్ కొట్టది. సగం పనికి సేవ్ ఏంది అంటది. అప్పటిదాక ఆ చీరల స్టాకుకు తాళం పడి ఉంటది, కోరుట్లల అదే చీరకు బిల్లు కొట్టినోళ్లు ఆగాలె. గప్పుడు నేను అక్కకు ఫోన్ చేస్త.

"కొడుతున్న తీయ్ తమ్మీ. ఏం కూర ఇయ్యాల?" అంటది.

నా కూర సంగతి అడిగేటోళ్లు జగిత్యాలల ఎవరు లేరు. తాళం పడితే బాగుండు అనుకునే డేటాబేస్ మనిషిని దేశంల నేనొక్కన్నే అయ్యుంట.

పెళ్లిళ్ల సీజన్ల ఒకనాడు మళ్ల ఆగింది. అక్క ఫోన్ ఎత్తలే. కోరుట్ల కౌంటర్ల కూసుండే అన్న ఫోన్ల మొదలుపెట్టిండు.

"పెళ్లోళ్లకు చాయ్ పోసిన, కూల్‌డ్రింక్ పోసిన. ఇగ లగ్గం గూడ ఈడనే చేసి పంపాల్నా?"

"ఒక్క నిమిషం అన్నా."

"నీ నిమిషం ఎప్పుడన్న అయిపోతదా?"

తెర మీద అక్క సెషన్, ఆమె తెరిచి పెట్టుకున్న పని, అందరిని ఆపుకొని హాయిగ పండుకుంది. దాన్ని కిల్ చేస్తే, అంటే నడుమనే తెంపేస్తే, కోరుట్ల కదులుతది, అక్క పొద్దటిసంది కొట్టిందంత పోతది. అక్కకు మళ్ల ఫోన్ చేసిన, ఎత్తలే. కిల్ కొట్టిన. పేరుకే కిల్, ఉరుములు మెరుపులు ఏం లేవు. కోరుట్లల బిల్లులు బుర్రున బయటికొచ్చినయి.

అన్నం తిని వచ్చినంక అక్క ఫోన్ చేసింది. "పొద్దటిసంది కొట్టిన తమ్మీ. ఒక్కటి లేదు."

"పెళ్లోళ్లు ఆగిన్రక్కా. నువ్వు ఎత్తలే."

"ఫోన్ చార్జింగ్ పెట్టి ఇంటికి పోయిన."

తిడితే బాగుండు. "సరే తీయ్" అని పెట్టేసింది.

తెల్లారినుంచి అక్క ఒక్కో చీరకు సేవ్ కొడుతుంది. తాళం గిట్ల పడుతది, గట్ల పోతది. ఎక్కడన్న గిట్లనే చెయ్యాలని చెప్తరు, నేను గూడ ఎన్నిసార్లో చెప్పిన. కోరుట్ల అన్న ఫోన్ చేసుడు బంద్ చేసిండు. కొన్ని రోజులు చూసి నేనే సిరిసిల్లకు చేసిన.

"ఏమైంది తమ్మీ? ఆగిందా?"

"ఏం ఆగలేదక్కా."

"మరెందుకు చేసినవ్?"

కూర సంగతి చెప్దామనుకున్న. "ఊకెనే. నెట్ ఎట్లుందో అని" అన్న.

"మంచిగనే ఉంది. ఇగో, ఆసామి నిలవడ్డడు, ఉంట మరి."

నా తెర మీద ఆమె సెషన్ ఒక్కసారి మెరిసి పోయింది. ఎవరినీ ఆపలే.