వదిన పాయ

ఆ ఊరికి ముందు సముద్రం, వెనక మైళ్ల కొద్దీ చిత్తడి. మధ్యలో ఇసుక దిబ్బ మీద నూటపాతిక ఇళ్లు. పోటు వచ్చిందంటే ఉన్న ఒక్క బాటా మునుగుతుంది. అలాంటి చోట నీటిదారులు తెలిసినవాడే మొనగాడు. ఆ లెక్కన, ఊరంతా గడాయన అని పిలిచే పడవవాణ్ని మించినవాడు లేడు. పడవ నడిపే గడను ఒకసారి అడుక్కి గుచ్చి, అది ఏ పాయో కళ్లు మూసుకుని చెప్పేవాడు. అడగకపోయినా చెప్పేవాడు, అదే అతని జబ్బు.

చిత్తడిని పక్షుల కోసం రక్షిత ప్రాంతం చేస్తామని పటం గీసే అధికారులు వచ్చినప్పుడు అతన్నే పిలిచారు. కుర్చీ వేశారు, "మీరు" అన్నారు. ఇంకేముంది, ఉబ్బితబ్బిబ్బయ్యాడు. మూడు రోజులు పాయ పాయా తిప్పి చూపించాడు.

"ఇంతేనా? ఇంకేం లేవు కదా?" అన్నాడు పెద్ద అధికారి, పటం చుట్టేస్తూ.

లేవంటే సరిపోయేది. నోరు ఊరుకుంటేగా!

"ఒకటుందండీ, మడచెట్ల వెనకాల. నేను తప్ప ఎవరూ చూపించలేరు."

ఆ సన్నటి పాయలో అతని వదిన గుల్లలు ఏరుకునేది. అన్న సముద్రంలో పోయాక, మోకాళ్లలోతు నీళ్లలో వంగి వంగి ఇద్దరు ఆడపిల్లలను దానితోనే పెంచింది. తల్లి లేని గడాయనకు చిన్నప్పుడు అన్నం పెట్టిందీ ఆవిడే. పాయకు పేరేమిటని అధికారి అడిగాడు. అప్పటిదాకా దానికి పేరే లేదు. "వదిన పాయ అని రాసుకోండి" అన్నాడు పొంగిపోతూ.

ఏడాది తిరక్కుండా అక్కడ రక్షిత ప్రాంతం హద్దుగా ఆకుపచ్చ స్తంభాలు లేచాయి. కాపలాదారు వదినను ఖాళీ బుట్టతో వెనక్కి పంపాడు. ఇప్పుడు చేపల షెడ్డులో పొద్దస్తమానం నిలబడి రొయ్యలు వలుస్తోంది. ఐసు నీళ్లకు వేళ్లు నాని పగిలిపోయాయి. పాయ సంగతి ఎవరు చెప్పారని ఆవిడ అడగలేదు. ఆ వేళ్లు చూసినప్పుడల్లా గడాయనకు నాలుక కోసేసుకోవాలనిపించేది.

మొన్న షెడ్డు సెలవునాడు, పాయను ఒక్కసారి చూసొద్దాం తీసుకెళ్లమంది ఆవిడ. పాయ మొదట్లో కొత్త బోర్డు.

"ఏం రాశారురా?" అంది చదువు రాని వదిన.

అబద్ధం చెబుదామనుకున్నాడు. చివరికి ఉన్నదే చదివాడు.

"వదిన పాయ... లోపలికి రాకూడదు, అని."

ఊళ్లో ఆవిడను వదినా అని పిలిచేవాడు అతనొక్కడే. ఇక వేరే చెప్పాలా? పగిలిన వేళ్లతో బోర్డు మీది అక్షరాలు తడిమింది.

"నా పేరే పెట్టావా?" అంది మెల్లగా. "మరి నన్నెందుకు రానివ్వర్రా?"

గడాయన పడవ వెనక్కి తిప్పాడు. దారిలో పదకొండు పాయలు దాటారు. ఒక్కదాని పేరూ చెప్పలేదు.