ఎండబెట్టిన సెల్లులు

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది, నీకింకా పెద్దప్పుడే రాలేదు కదా అని. నిజమే. కానీ మొన్న తలలో ఒక తెల్ల వెంట్రుక కనిపించింది. పైగా నేను చిన్నప్పుడు వాడిన వస్తువుని చూసి ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "ఇదేంటి?" అని అడిగారు. ఈ రెండు అర్హతలు చాలనుకుని చెప్తున్నాను.

ఆ వస్తువు టేప్ రికార్డర్. మా అమ్మమ్మ మొదటిసారి అమెరికాలో మేముండే పార్సిప్పనీ వచ్చినప్పుడు దాన్ని తువ్వాలులో చుట్టి, రెండు ఆవకాయ డబ్బాల మధ్య పెట్టి తెచ్చుకుంది. ఆరు నెలలుండి వెళ్లిపోయే మనిషికి ఇది ఎందుకని అమ్మ అడిగితే, "మీ దేశంలో నాకు తెలిసిన పాటలుంటాయో ఉండవో" అంది. దాని ప్లగ్గు ఇక్కడి గోడలకి పట్టలేదు. నాన్న అడాప్టర్ కొనుక్కొచ్చి పెట్టాడు. ఇక్కడి కరెంటు మనదాంట్లో సగం బలమే కాబట్టి, అది ఒకసారి మూలిగి ఊరుకుంది. ఇక బ్యాటరీ సెల్లులే గతి.

సెల్లుల విషయంలో అమ్మమ్మకి కొన్ని నమ్మకాలున్నాయి. నీరసించిన సెల్లుని పారేయడమంటే ఆవిడ దృష్టిలో జ్వరం వచ్చినవాణ్ని వీధిలోకి నెట్టడమే. ఎండలో పెడితే లేస్తాయని ఆవిడ వాదన. న్యూజెర్సీ చలికాలంలో ఎండ ఫొటోలకి తప్ప పనికిరాదు. అయినా వంటింటి కిటికీ గట్టు మీద, కరివేపాకు కుండీ పక్కన, నాలుగు సెల్లుల్ని వరసగా పడుకోబెట్టేది. మధ్యాహ్నం వడియాలు తిరగేసినట్టు తిరగేసేది. సాయంత్రం వాటిని మళ్లీ రికార్డర్‌లో వేస్తే, మొహమాటానికి వచ్చిన చుట్టాల్లా అవి కాసేపు పనిచేసేవి.

ఆ చలికాలంలోనే నేను మొదటి పాట కట్టాను. అప్పుడు మూడో గ్రేడ్‌లో ఉన్నాను. ఒక పొద్దున్న మంచు తోసే లారీ వచ్చి, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోని మంచంతా తెచ్చి నాన్న కారు మీద పోసి వెళ్లిపోయింది. నాన్న పారతో తవ్వుకుంటూ అన్న మాటలు ఇక్కడ రాయను. నాకు మాత్రం అందులో పాట కనిపించింది.

లారీ మామా, లారీ మామా, మంచు తోసే లారీ మామా,
మా నాన్న కారు ఎటు పోయింది, నీ కడుపులో ఉందా మామా?

ఇంకో రెండు చరణాలున్నాయి, వాటికి ప్రాస లేదు. వంటింటి బల్ల మీద రికార్డర్ పెట్టుకుని, అమ్మమ్మ ఎర్ర బటన్ నొక్కితే, నేను పాడాను. వెనకాల ఫ్రిజ్ మోగుతూనే ఉంది. పాడాక వెనక్కి తిప్పి విన్నాం. నా గొంతు నాకు నచ్చింది. ఆ తర్వాత జీవితంలో మళ్లీ అలా జరగలేదు.

ఆదివారం మా ఇంట్లో పాట్‌లక్, అంటే ఎవరి వంట వాళ్లు తెచ్చుకునే విందు. నాలుగు కుటుంబాలు, ఐదు రకాల బిర్యానీలు. తిన్నాక నాన్న లేచి, మా అమ్మాయి సొంతంగా కంపోజ్ చేసిందని ప్రకటించి, టేప్ పెట్టాడు. అంతకుముందే, నలుగురి ముందు మధ్యలో ఆగిపోతే పరువు పోతుందని, కిటికీ గట్టు సెల్లులు తీసేసి షాపు నుంచి తెచ్చిన కొత్తవి వేశాడు. మా నాన్న ఇంట్లో ముందుచూపుతో చేసిన పనులు తక్కువ. వాటిలో ఇదొకటి.

బటన్ నొక్కగానే నేను పాడిన పాటని ఒక ఉడత పాడింది. గబగబా, సన్నగా, ఎవరో తరుముతున్నట్టు. మాకు పై అంతస్తులో ఒక అంకుల్ ఉండేవాడు, ఆయనది పెద్ద డోలు లాంటి గొంతు. "ఏంటమ్మా, హీలియం బెలూన్ మింగేశావా?" అన్నాడు. అంతే, గది పేలిపోయింది. ఆంటీలు "సో క్యూట్, సో క్యూట్" అని కళ్లు తుడుచుకున్నారు. నాన్న కూడా నవ్వాడు. ఆపుకోవడానికి ప్రయత్నించాడన్నది నిజమే, కానీ భుజాలు ఊగడం కనిపిస్తోంది కదా.

నేను వెళ్లి అమ్మ క్లోజెట్‌లో పట్టుచీరల మధ్య కూర్చున్నాను. ఇక జీవితంలో పాడకూడదని నిర్ణయించుకున్నాను. గులాబ్‌జామ్ అయిపోతోందని వినిపించి బయటికైతే వచ్చాను గానీ, నిర్ణయం మారలేదు. అంతకుముందు కార్‌లో, స్నానానికెళ్తే స్నానాల గదిలో, హోంవర్క్ చేస్తూ కూడా ఏదో ఒకటి కూనిరాగం తీసే పిల్లని. ఆ రాత్రి ఇల్లు చాలా ప్రశాంతంగా ఉందని అమ్మ అంది. కాసేపయ్యాక, ఎందుకో బాగాలేదని కూడా అంది.

మర్నాడు మంచు వల్ల స్కూలు లేదు. అమ్మానాన్నా ఆఫీసులకి పోయారు. నేను అమ్మమ్మ దగ్గరికెళ్లి, "ఆ పాట చెరిపెయ్యి అమ్మమ్మా" అన్నాను. ఆవిడ బతిమాలుతుందనుకున్నాను.

"సరే చెరిపేద్దాం" అంది. "ఉండు, ముందు ఈ కొత్త సెల్లులు తియ్యనీ. చెరపడానికి కూడా కొత్తవెందుకూ, దండగ."

కొత్తవి తీసి కాగితంలో చుట్టి పెట్టింది. గట్టు మీద ఎండిన వాటిని వేసింది. ఎక్కడి నుంచి చెరపాలో చూద్దామని పాట పెట్టింది. నా గొంతే వచ్చింది. ఉడత లేదు. నేనూ, నా లారీ మామా, మా ఫ్రిజ్జూ.

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. కొత్తవి వేసింది, ఉడత వచ్చింది. పాతవి వేసింది, నేనొచ్చాను. ఇలా చాలాసేపు చేశాం, ఎందుకంటే ఆ రోజుకి మాకు వేరే పని లేదు. చివరికి ఆవిడకే తట్టింది. పాత సెల్లులు నీరసంగా ఉండి, నేను పాడుతున్నప్పుడు టేపుని మెల్లగా లాగాయి. కొత్తవి దాన్నే పరిగెత్తించాయి. "నీ గొంతుకేం కాలేదే పిల్లా. పరిగెత్తించారు దాన్ని, అంతే."

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కానీ నాకు ఓదార్పు నచ్చే వయసు కాదది. "అయినా అందరూ నవ్వారుగా" అన్నాను.

అమ్మమ్మ రికార్డర్‌ని దగ్గరికి లాక్కుంది. చెయ్యి చీర చెంగుకి తుడుచుకుని, పాత సెల్లులే ఉంచి, టేపులో ఖాళీ చోటు చూసుకుని ఎర్ర బటన్ నొక్కింది. తనే పాడింది. మేక మీద పాట. ఆ మేక ఎవరిదో పిల్ల జడలోంచి రిబ్బను లాక్కుని తినేసి, పైగా రుచి బాగాలేదని మొహం పెడుతుంది. జీర గొంతు, మధ్యలో ఒకసారి దగ్గు. అయ్యాక కాగితం విప్పి కొత్త సెల్లులు తీసింది. దండగైనా సరే అన్నట్టు నాకేసి చూసి వేసింది.

మా వంటింట్లో ఒక చిన్నపిల్ల పాడింది. నా వయసుదే ఉంటుంది. దగ్గు కూడా చిన్నపిల్ల దగ్గే. నేను నిజంగానే చుట్టూ చూశాను.

"అచ్చం ఇలాగే ఉండేది నా గొంతు" అంది అమ్మమ్మ. టేపు వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నది. తర్వాత చెప్పింది. మేక వాళ్లదేనట. రిబ్బను తనదేనట. పాట నా వయసులో తనే కట్టిందట.

"మరి ఎవరైనా నవ్వారా?" అని అడిగాను.

"నవ్వాలంటే ముందు వినాలి కదే. ఎవరికీ వినిపించలేదు. ఎప్పుడూ. ఇదే మొదటిసారి." రికార్డర్ మూత వేస్తూ, నాకేసి చూడకుండా అంది: "నీ పాటకి గదినిండా జనం నవ్వారు. నాకైతే కుళ్లుగా ఉంది."

పెద్దవాళ్లు నన్ను చూసి జాలిపడటం నాకలవాటే. నన్ను చూసి కుళ్లుకున్న మొదటి మనిషి మా అమ్మమ్మ. టేప్ చెరపమని మళ్లీ అడగలేదు.

తర్వాతి పాట్‌లక్ పై అంతస్తు అంకుల్ వాళ్లింట్లో అయింది. ఈసారి టేపూ లేదు, సెల్లులూ లేవు. సోఫా ముందు నిలబడి నేనే పాడాను. రెండో చరణం మరిచిపోయి మొదటిదే మళ్లీ పాడాను. అంకుల్ ఈసారి కూడా డోలు మోగినట్టు నవ్వాడు. కానీ కారు కడుపులో ఉందా మామా అన్న చోట, నేను నవ్వించాలనుకున్న చోటే నవ్వాడు.

ఇప్పుడు నేను ఇండిపెండెంట్ మ్యుజీషియన్‌ని. అంటే పగలు వేరే ఉద్యోగం చేస్తానని అర్థం. నా స్టూడియో ఇప్పటికీ అమ్మ క్లోజెట్టే, పట్టుచీరలు శబ్దాన్ని బాగా పీల్చుకుంటాయి. ఈమధ్య ఆ పాత టేపులన్నీ బయటికి తీసి, బాగుచేసి, ఇంటర్నెట్‌లో ఒక చిన్న ఆల్బమ్‌గా పెడుతున్నాను. అన్నీ ఎండబెట్టిన సెల్లులతో చేసినవే కాబట్టి, మంచి ప్లేయర్‌లో పెడితే అన్నిట్లోనూ ఉడతే. అసలు వేగం ఎంతో తెలియడమెలా? దానికి మా పాత ఫ్రిజ్ సాయం చేసింది. ఇక్కడి కరెంటు మీద నడిచే ఫ్రిజ్ ఎప్పుడూ ఒకే శ్రుతిలో మోగుతుంది. టేపులో ఆ మోత ఎంత పైకి పోయిందో చూసి, పాటని అంత కిందికి లాగితే చాలు. ఆ ఇంట్లో శ్రుతి తప్పకుండా ఉన్నది అదొక్కటే అని తేలింది. దాన్ని అమ్మేసినప్పుడు ఎవరం ఒక మాట కూడా అనలేదు.

నా పాటలన్నీ సరిచేశాను. మేక పాట దగ్గర ఆగిపోయాను. సరిచేస్తే మా అమ్మమ్మ, దగ్గుతో సహా. చెయ్యకపోతే ఆ చిన్నపిల్ల. ఏది తప్పో, ఏది ఒప్పో సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. నాకే తెలియలేదు.

అమ్మమ్మ ఇప్పుడు మాతోనే ఉంటుంది, కింది గదిలో. ఆరు నెలలకని మళ్లీ మళ్లీ వచ్చి, ఆఖరికి ఉండిపోయింది. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి పాట పెడితే, వినపడటం లేదని చెయ్యి ఊపింది. చూస్తే చెవి మెషిన్ సెల్లులు కిటికీ గట్టు మీద ఎండుతున్నాయి. వాటికి ఎండ అక్కర్లేదని డాక్టరు చెప్పాడు. నేనూ చెప్పాను. మాకు తెలియదని ఆవిడ ఉద్దేశం. కొత్తవి వేసి, రెండు రకాలుగానూ వినిపించి, ఏది పెట్టమంటావని అడిగాను.

"ఆ పిల్లది పెట్టు" అంది వెంటనే. "ముసల్దాని పాట కావాలంటే ఇప్పుడు పాడతాను. ఆ పిల్లే ఎవరికీ పాడలేదు." తర్వాత అడిగింది, "ఎంతమంది వింటారే?"

"ఓ నలభై మంది. అదీ మంచిరోజైతే."

"నవ్వుతారా?"

"మేక మొహం పెట్టిన చోట నవ్వుతారు."

"అయితే పెట్టెయ్" అంది, నలభై మందికీ కాఫీ పెట్టాల్సినదానిలా నడుం సర్దుకుని.

ఆ ఒక్క పాటనీ సరిచేయకుండానే పెట్టాను. ఇప్పటికీ ఏ చిన్న కేఫ్‌లోనో, ఏ బేస్‌మెంట్‌లోనో నేను పాడుతుంటే, నవ్వకూడని చోట వెనక ఎవరో నవ్వుతారు. అప్పుడు కిటికీ గట్టూ, కాగితంలో చుట్టిన కొత్త సెల్లులూ గుర్తొస్తాయి. సరే, విన్నారు, అనుకుంటాను. రెండో చరణం ఎత్తుకుంటాను. గుర్తుంటే.