కింద నిలబడ్డ మనిషి

ఒక్కరికి తప్ప నేనెవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి ఒకటుంది. పోర్టులో క్రేన్ నడిపే రోజుల్లో, పైన కూర్చుంటే నాకు కళ్ళు తిరిగేవి.

ఈమధ్య కంచరపాలెంలో మా డాబా వెనక అపార్ట్‌మెంట్ లేస్తోంది. మొన్న పొద్దున టీ తాగుతూ చూస్తున్నాను, పైన క్రేన్‌కు ఇనుప చువ్వల కట్ట వేలాడుతోంది, కింద ఒకాయన చెయ్యెత్తి సైగ చేస్తున్నాడు, ఆ కట్ట నీడలోంచే ఇద్దరు ఆడవాళ్ళు తట్టలతో నడిచిపోతున్నారు.

మా రోజుల్లో క్రేన్ మీదివాడికి ఓడ అడుగు కనిపించేది కాదు. ఓడ అంచున నిలబడ్డ మనిషి చేతులే వాడికి కళ్ళు. నాకు ఆ చేతులు మా అక్క భర్తవి. ఓ మధ్యాహ్నం బావ ఆపమని పిడికిలి బిగించినా నేను ఆపలేదు, బరువు కూలీల తలలకు మూరెడు దూరంలో ఊగిపోయింది. దిగగానే, "ఏటైందిరా? నా సెయ్యి అవుపడ్నేదా?" అన్నాడు. సంగతి చెప్పి, ఎవరితోనూ అననని అక్క మీద ఒట్టు వేయించుకున్నాను.

మర్నాడే సూపర్‌వైజర్ నన్ను దింపి గోదాములో వేశాడు. చెప్పింది బావే.

ఒకే కంచంలో తిన్న మనిషి, కట్టుకున్నదాని మీద ఒట్టేసిన మనిషి, తెల్లారేసరికి ఎలా చెప్పగలిగాడు? పద్దెనిమిదేళ్ళు ఈ ఒక్క ప్రశ్ననే నమిలాను. నా సీటు మీద కన్నేసి దింపించాడని చుట్టాలందరికీ చెప్పాను. ఆయన ఆ సీటు ఎన్నడూ ఎక్కలేదు. కళ్ళు తిరిగే సంగతి చుట్టాల్లో ఎవరి దగ్గరా ఎత్తనూ లేదు. ఎత్తి ఉంటే నా అబద్ధం ఆ పూటే తేలిపోయేది. ఓ పెళ్ళి భోజనాల్లో మా మేనమామ బావతో, "ఏటల్లుడూ, ఇయ్యాల ఎవుల్ని దింపుతావేటి?" అంటే పంక్తంతా నవ్వింది. బావ విస్తరి మడిచి లేచిపోయాడు. అక్క నా వంక చూసింది, నేను పప్పు కలుపుకున్నాను. ఆ తర్వాత అక్క మా గడప తొక్కలేదు.

మొన్న మొదటిసారి, ఆ సైగలాయన చోట నన్ను నిలబెట్టుకుని చూసుకున్నాను. పైన కళ్ళు తిరిగే బావమరిది, కింద పదిమంది తలలు, బిగించినా పనిచెయ్యని పిడికిలి. నేనైనా చెప్పేవాణ్ణే. జరిగినదాంట్లో వీసమెత్తు మారలేదు, ఇన్నేళ్ళ మంట మాత్రం చల్లబడింది, ఆ చోట సిగ్గు మిగిలింది. ఒట్టు తప్పాడన్న నొప్పి పూర్తిగా పోయిందంటే మళ్ళీ అబద్ధమే అవుతుంది.

ఇప్పుడు క్రేన్లకు కెమెరాలు పెడుతున్నారట. ఒక మనిషి చేతిని నమ్ముకుని బరువు దించే అవసరం తగ్గింది. మంచిదే. కానీ అలాంటి చేతిని నేను మళ్ళీ ఎక్కడ చూస్తాను?

ఆదివారం ఆనందపురంలో బావ మనవడికి అన్నప్రాసన. పిలుపు లేకపోయినా వెళ్ళాను. పంక్తి మధ్యలో లేచి నిలబడితే, "కూకోరా, అన్నం సల్లారిపోతంది" అన్నాడు బావ, అదే పాత గొంతుతో. నేను కూర్చోలేదు.

"అందరూ ఇనండి. నాకు పైన కళ్ళు తిరిగేవి. బావ పదిమంది పేనాలు కాసినాడు. సీటు మాట నాను పుట్టించిన అబద్ధం. తప్పైపోనాది బావా, క్షమించు."