బాలింత చేను

నా చిన్నప్పుడు నేనొక చేనును చూసి కుళ్ళుకున్నాను. పక్కింటి పిల్ల కొత్త గాజులను చూసి, బడిలో ముందు వరుసలో కూర్చునే అమ్మాయి జడకుచ్చులను చూసి కుళ్ళుకోవడం అందరికీ ఉండేదే, నాకూ ఉండేది. కానీ ఎకరం పైచిలుకు ఎర్రమట్టిని చూసి ఓర్వలేకపోవడమేమిటని ఇప్పుడు నా మనవరాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. అప్పుడు నాకది నవ్వులాట కాదు. ఆ చేను మా నాయనమ్మను నా దగ్గర్నుంచి లాక్కుపోయింది.

అవి డెబ్బైల నాటి రోజులు. తిరువూరులో మా ఇల్లు విస్సన్నపేట వెళ్ళే రోడ్డు పక్కన, ఊరి చివర ఉండేది. పెరటి కంచె దాటితే ఆ చేనే. వాన పడితేనే పంట పండే మెట్ట నేల. దాంట్లో మా నాన్న ఏటా మిరపే వేసేవాడు. సంచుల్లో వచ్చే ఎరువు కొత్తగా అలవాటైన కాలం. మొదట్లో చెట్టు కనపడనంతగా కాసింది. అందుకని మరుసటేడు ఇంకో సంచి, ఆ తరువాతి ఏడు మరో సంచి. కొన్నాళ్ళకు నేల బిగిసిపోయింది. వాన నీళ్ళు లోపలికి దిగకుండా పైపైనే జారిపోయేవి. గడ్డపలుగు వేస్తే ఖంగుమని మోగేది.

ఒక ఎండాకాలం నాన్న మళ్ళీ విత్తనం సంగతి ఎత్తేసరికి నాయనమ్మ అడ్డం పడింది.

"ఈ ఏడు దానికి పంట లేదురా. అది బాలింత. వరసగా కనీ కనీ ఒళ్ళు గుల్లయిపోయింది."

"బాలింతా? అయితే చెవుల్లో దూది పెట్టు. కాయం కూడా తినిపించు" అని నాన్న ఎగతాళి చేశాడు. కాయమంటే శొంఠీ పిప్పళ్ళూ బెల్లమూ దంచి, బాలింతలకు పొద్దున్నే పెట్టే ఘాటైన మందు ముద్ద.

"తినిపిస్తా. నిన్ను కన్నప్పుడు నాకూ తినిపించారు. లేకపోతే ఇయ్యాళ నీతో వాదించే నోరుండేదా నాకు?"

ఆ నోటి ముందు మా నాన్న ఎప్పుడూ గెలవలేదు. పల్లంలో మాకు ఇంకో ముక్క ఉండేది. ఆ ఏడు దాంతోనే సరిపెట్టుకుందామని ఒప్పుకున్నాడు.

అది మొదలు నాయనమ్మకు లోకమంతా ఆ చేనే. ఎండిన చెరువులో మట్టి తవ్వించి బండ్ల మీద తోలించింది. అదే దానికి కాయమంది. గొర్రెల వాళ్ళను బతిమాలి పెంటికల ఎరువు కోసం వాళ్ళ మందను చేలో కట్టించింది. సంతకు వెళ్ళేవాళ్ళు చేనుకు అడ్డంపడి నడిచే కాలిబాట ఒకటుండేది. దాన్ని తుమ్మకంపతో మూసేసింది. "పెద్దమ్మా, దారి మూసేశావేంటి, మేమెట్టా పోవాలి?" అని జనం గోల పెడితే, "బాలింతరాలి మీద నుంచి నడుస్తారంట్రా ఎవరన్నా? చుట్టు తిరిగి పోండి" అనేది. తొలకరి పడగానే నేలకు బలమిచ్చే జనుము విత్తనాలు చల్లించింది. ఇంట్లో ఎవరు గట్టిగా అరిచినా చేను వైపు చూసి, పడుకున్నవాళ్ళను లేపుతారా అన్నట్టు కసురుకునేది.

ఆ తొలకరిలోనే మా తమ్ముడు పుట్టాడు. అంటే మా ఇంట్లో ఆ ఏడు ఇద్దరు బాలింతలు. అమ్మ ఒళ్ళు తమ్ముడిదైపోయింది. సరే, నాయనమ్మ ఒళ్ళు ఉందిగదా అని అటు వెళితే అది చేనుదైపోయింది.

నాకు అన్నిటికంటే మండింది తొలి ముద్ద దగ్గర. అంతకుముందు పొద్దున్నే నాయనమ్మ చద్దన్నంలో గడ్డపెరుగు పిసికి, మొదటి ముద్ద నా చేతిలో పెట్టేది. నాన్న ఆకలితో నిలబడ్డా సరే, నా తరువాతే. అదే ఆ ఇంట్లో నా హోదా. ఇప్పుడా మొదటి ముద్దను బాదం ఆకులో పెట్టుకుని పెరటి కంచె దాటి, చేను ఈశాన్యం మూల చిన్న గుంట తీసి, దాంట్లో పెట్టి మట్టి కప్పి వచ్చేది. నాకు రెండో ముద్ద. రుచి అదే, పెరుగూ అదే. నా హోదా మాత్రం పోయింది. నాయనమ్మ గుంట ముందు కూర్చుని ఏదో మాట్లాడుతుంటే కంచె సందులోంచి చూస్తూ, నాకు చెప్పని కబుర్లు ఆ మట్టికి చెబుతోందని కుమిలిపోయేదాన్ని. వానలకు జనుము నా కళ్ళ ముందే నా ఎత్తు దాటిపోయింది. అదీ ఓర్వలేకపోయాను. నన్ను చూసి "ఎంత ఏపుగా పెరిగావే" అని నాయనమ్మ ఏనాడైనా అందా?

ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. ఈ ఇంట్లో బాలింతలకే విలువ గనక నేనూ బాలింతనైపోతే సరి. ఒక పొద్దున అమ్మ దూది దొంగిలించి చెవుల్లో కుక్కుకుని, నాన్న తువ్వాలు తలకు చుట్టుకుని, నులక మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాను. అమ్మ నవ్వితే పొట్ట పట్టుకోవాల్సి వచ్చింది. మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి అత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమ్మా, ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఇంకా చూడలా" అన్నాను బింకంగా.

నాయనమ్మ నవ్వలేదు. దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "అయ్యో, పచ్చి బాలింతరాలు. ఎవరూ పలకరించొద్దు" అంది. వెళ్ళి కాయం ముద్ద తెచ్చి నా నోట్లో పెట్టింది. నాలుక భగ్గుమంది. నీళ్ళడిగితే బాలింతలు చన్నీళ్ళు తాగరంది. పెరుగన్నం అడిగితే పథ్యమంది. వేడన్నంలో వెల్లుల్లి కారం కలిపి పెట్టింది. చివరి కాపు మామిడిపండ్లు గడ్డిలోంచి తీసి అందరికీ పంచుతుంటే వాసన మాత్రం నాకు పంపింది. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ నన్ను కేకేస్తే, "అది లేవకూడదే, మీరు పోండి" అని గుమ్మంలోంచే పంపించేసింది.

సాయంత్రానికి నాకు ఏడుపొచ్చింది. నాయనమ్మ మంచం పక్కన కూర్చుని ఏది కష్టంగా ఉందని అడిగింది. కాయమా, పథ్యమా?

"ఊరికే పడుకోవడం" అన్నాను.

"మరి అదెన్నాళ్ళ నుంచి పడుకుందో! దానికేదో భోగం పట్టిందనుకుంటున్నావు గదే నువ్వు" అంటూ నా చెవుల్లో దూది తీసేసింది. నేను పైకి ఒక్క మాట అనకపోయినా నా కుళ్ళంతా ఆవిడకు తెలుసన్నమాట. నాకు సిగ్గేసింది. కానీ కుళ్ళు మాత్రం పోలేదు.

మర్నాడు జనుమును దున్నేసే రోజు. చేనంతా పసుప్పచ్చటి పూలు. తేనెటీగల రొదకు పక్కవాళ్ళ మాట వినపడదు. నాన్న ముందు ఒక బరువు దుంగను ఎడ్లతో లాగించి మొక్కలను నేలకు పడుకోబెట్టాడు. తరువాత నాగలి కట్టాడు. పూలతో సహా పచ్చటి మొక్కలు మట్టి కిందికి పోతుంటే నేను ఉండబట్టలేక ఆ పూలన్నీ ఎందుకు పాడుచేస్తున్నారని అడిగాను. నిజానికి నాన్నకూ మనసొప్పలేదు. "సగమన్నా కోసి ఎడ్లకు మేపుదామే అమ్మా" అన్నాడు.

నాయనమ్మ గట్టు మీద నిలబడి తల అడ్డంగా ఊపింది.

"ఇన్నేళ్ళూ అది కన్నవాళ్ళందర్నీ మనమే బండెక్కించి తీసుకుపోయాం గదరా. ఒక్క కాన్పన్నా దాని బిడ్డను దాని ఒళ్ళో ఉండనీ."

నాన్న ఎడ్లను అదిలించాడు.

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మా అమ్మ ఒళ్ళో తమ్ముడున్నాడని నేను పడ్డ బాధ నాకు తెలుసు. ఒళ్ళో ఎవరూ మిగలని అమ్మ ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తోచలేదు. మిరపకాయల బస్తాలు బండ్ల మీద వెళ్ళిపోతుంటే చేను వెనకే ఉండిపోవడం ఎన్నోసార్లు చూశాను. చూసి చప్పట్లు కొట్టాను కూడా.

నాయనమ్మ బాదం ఆకులోంచి ఆనాటి తొలి ముద్ద తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇయ్యాళ నువ్వే చెప్పు. ముందు దానికా, నీకా?" అంది. నా వైపు చూడను కూడా చూడలేదు.

చల్లటి పెరుగు ముద్ద. ముందురోజంతా పథ్యంతో మాడిన నోరు. ఎన్నాళ్ళుగానో నాది కాని ముద్ద అది. ఇచ్చేద్దామనీ ఉంది, ఇవ్వబుద్ధీ కావడం లేదు. చివరికి సగం కొరుక్కుని, మిగతా సగం నాగటి చాలులో పెట్టి మట్టి కప్పాను.

నాన్న చూడనే చూశాడు. "ఓసి దీని దుంప తెగ, భూదేవికి ఎంగిలి పెడతావేంటే!" అని కేకేశాడు. నేను గబుక్కున కళ్ళు మూసుకున్నాను. దేవుడికి ఎంగిలి పెడితే కళ్ళు పోతాయని మా ఇళ్ళలో చెప్పేవాళ్ళు.

నాయనమ్మ తాపీగా అంది: "బిడ్డ ఎంగిలి తల్లికి ఎంగిలవుద్దంట్రా? నీ కంచంలో మిగిలింది నేను తినలా?"

నాన్న నవ్వేశాడు. నేను కప్పిన మట్టి మీద అరచెయ్యి ఆనించాను. అది లోపల వెచ్చగా, నలిగిన జనుము వాసనతో, పిండిలా మెత్తగా ఉంది. నా చెయ్యి మణికట్టు దాకా దిగింది. ముందుటేడు గడ్డపలుగుకు లొంగని నేల అది.

నా బడి చదువు ఆరో తరగతితో ఆగింది. ఆ తరువాత నాకు చదువు చెప్పింది మా ఊరి గ్రంథాలయమే. బీరువాల్లో వ్యవసాయం పుస్తకాలు అయిపోతే శాస్త్రాల పుస్తకాలు, అవీ అయిపోతే పురాణాలు చదివాను. నాకు తెలియనిది ఏదైనా ఉందని ఎవరైనా అంటే మర్నాటికల్లా తెలుసుకుని వెళ్ళేదాన్ని. జనుము వేళ్ళకుండే బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి అందిస్తాయని, పిడికెడు మట్టిలో కంటికి కనపడని జీవాలు లెక్కకు అందనన్ని ఉంటాయని చదివినప్పుడు, నాయనమ్మ మట్టితో కబుర్లాడటం అంత వింతేమీ కాదనిపించింది. భూమిని తల్లి అని దండం పెట్టినవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారని కూడా చదివాను. అది చదివిన ప్రతిసారీ నాకొకటి తోస్తుంది. తల్లి అంటే ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాం. బాలింత అంటే అడగడం మానేసి, ఏం కావాలని మనమే కనుక్కుంటాం. మా నాయనమ్మకు ఏ పుస్తకమూ తెలియదు, నేను మాత్రం చాలా పుస్తకాల తరువాత గానీ ఆ తేడా పట్టుకోలేకపోయాను.

పెళ్ళయి నేను అత్తారింటికి వచ్చేశాను. చేను తమ్ముడి వాటాకు వెళ్ళింది. వాడు దాన్ని బాగానే చూసుకుంటున్నాడు, కాదనను.

ఇప్పటికీ బస్సులో విస్సన్నపేట వైపు వెళుతుంటే ఏదో ఒక చేలో జనుము పసుప్పచ్చగా పూసి కనపడుతుంది. ఆ నేల పడుకుని ఉందని, ఎవరో దాన్ని పడుకోనిచ్చారని తెలిసిపోతుంది. నా ఒళ్ళు కూడా కాస్త తేలికపడినట్టుంటుంది. ఆ వెంటనే పాత కుళ్ళు లోపల కదులుతుంది. అది చేనును చూసి కాదు. ఆ చేనుకు ముద్ద పెడుతున్న చెయ్యి ఎవరిదోగానీ, ఆ చేతిని చూసి. బస్సు మలుపు తిరిగేదాకా మెడ తిప్పి అటే చూస్తాను.